రివాల్వర్‌లో చవక ఉక్కు షెల్లు తూటాలు: కొనే ముందు, కాల్చే ముందు చూసుకోవలసినవి

లైసెన్సు రివాల్వర్ ఉన్నవారు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది: ఇత్తడి షెల్లు ఉన్న తూటాల బదులు తక్కువ ధరకు వచ్చే ఉక్కు షెల్లు తూటాలు వాడితే రివాల్వర్ పాడవుతుందా? చిత్తూరు జిల్లాలో ఈ మాట అడిగేవారు రెండు రకాలు. కలెక్టరు ఇచ్చిన లైసెన్సుతో .32 (గుండు అడ్డకొలత, సుమారుగా అంగుళాల్లో) రివాల్వర్ ఇంట్లో ఉంచుకున్న మామిడి, గ్రానైట్ వ్యాపారులు, మాజీ సైనికులు మొదటి రకం. అమెరికాలో ఉద్యోగం చేస్తూ అక్కడి చట్టం ప్రకారం తుపాకి కొనుక్కున్న మన పిల్లలు రెండో రకం. ఇద్దరికీ నేను చెప్పే జవాబు ఒక్కటే. ఉక్కు షెల్లు రివాల్వర్‌ను పేల్చివేయదు. అయితే కాల్చిన తరువాత బయటికి రావడానికి మొరాయించే అవకాశం దానికి ఎక్కువ. ఆ మొరాయింపు పిస్టల్‌లో కన్నా రివాల్వర్‌లో పెద్ద సమస్య. కాబట్టి ప్రాణరక్షణకు ఉంచుకున్న రివాల్వర్‌లో ఇత్తడి తప్ప మరొకటి నింపవద్దు. కాల్పుల రేంజిలో సాధన కోసం, అదీ చట్టబద్ధంగా దొరికే చోట, ఉక్కు షెల్లు వాడదలిస్తే కింద చెప్పిన క్రమంలో పరీక్షించి వాడండి.

మాటల విషయంలో ఒక స్పష్టత అవసరం. తూటాలో ముందుకు దూసుకుపోయేది గుండు. వెనుక అడుగున సుత్తి దెబ్బకు నిప్పు రగిలించేది ప్రైమర్. మందును, గుండును, ప్రైమర్‌ను కలిపి పట్టి ఉంచే గొట్టం షెల్లు. ఈ వ్యాసంలో ఉక్కు, ఇత్తడి అన్నప్పుడల్లా ఆ షెల్లు గురించే చెబుతున్నాను.

ఇబ్బంది ఎక్కడ మొదలవుతుంది

మందు మండినప్పుడు పుట్టే ఒత్తిడికి షెల్లు ఉబ్బి ఛాంబర్ (రివాల్వర్‌లో తూటా కూర్చునే రంధ్రం) గోడకు గట్టిగా అతుక్కుంటుంది. ఒత్తిడి తగ్గగానే అది కొద్దిగా కుంచించుకుని గోడను వదలాలి. సుమారు 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు కలిసిన తూటా ఇత్తడికి ఈ గుణం పుష్కలంగా ఉంది. మెత్తని ఉక్కు బిగువు ఇత్తడికి దాదాపు రెట్టింపు ఉంటుంది కనుక అది ఉబ్బిన తరువాత తిరిగి ముడుచుకోవడం తక్కువ. అందువల్ల .357 మాగ్నమ్ వంటి ఎక్కువ ఒత్తిడి తూటాలలో ఉక్కు షెల్లు గోడను పట్టుకుని వదలనంటుంది. తక్కువ ఒత్తిడి తూటాలలో జరిగేది వేరు. అక్కడ ఉక్కు షెల్లు చాలినంతగా ఉబ్బక గోడకు సరిగా అతకదు. ఆ సందులోంచి పొగ వెనక్కి పాకి ఛాంబర్ లోపల మసి పేరుకుంటుంది. పది పన్నెండు తూటాల వరకు ఏమీ తెలియదు, ఆ తరువాత ఒక్కొక్కటిగా బిగుసుకోవడం మొదలవుతుంది. అమెరికా ప్రమాణాల ప్రకారం .357 మాగ్నమ్ గరిష్ఠ ఒత్తిడి 35,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), .38 స్పెషల్‌ది 17,000, మన వద్ద రివాల్వర్లలో ఎక్కువగా కనిపించే .32 స్మిత్ అండ్ వెస్సన్ లాంగ్‌ది 15,000. మీ రివాల్వర్‌లో ఏ రకం ఇబ్బందిని ఎదురుచూడాలో ఈ అంకెలే చెబుతాయి.

మరి కలాష్నికోవ్ వంటి రైఫిళ్లు దశాబ్దాలుగా ఉక్కు షెల్లులతోనే నడుస్తున్నాయి కదా అని చాలామంది వాదిస్తారు. ఆ వాదనలో రెండు విషయాలు మరుగున పడుతున్నాయి. ఆ రైఫిల్ తూటా వెనుక లావుగా, ముందుకు పోయేకొద్దీ సన్నగా ఉంటుంది కనుక వెంట్రుకవాసి వెనక్కి జరిగినా గోడ నుంచి విడిపోతుంది. రివాల్వర్ తూటాల షెల్లు దాదాపు నిట్టనిలువు గొట్టం, చివరి దాకా గోడను రాసుకుంటూనే రావాలి. అంతకన్నా ముఖ్యమైన రెండో విషయం ఏమంటే, రైఫిల్‌లోనూ పిస్టల్‌లోనూ ఒక్కొక్క షెల్లును యంత్రం తన బలంతో లాగి పారేస్తుంది. రివాల్వర్‌లో ఐదో ఆరో షెల్లులను ఒకేసారి బయటికి నెట్టే బలం మీ అరచేతిది మాత్రమే. ఒక్కొక్కటి కొంచెం బిగిసినా ఆరు కలిసేసరికి చేతికి లొంగవు.

టెక్సాస్‌లో ఉంటున్న మా మేనల్లుడు ఒకసారి ఫోన్ చేసి, "మామా, ఇనుప షెల్లు రౌండ్లు శానా తక్కువకి వస్తా ఉండాయి, రెండు పెట్టెలు తీసుకుందునా?" అని అడిగాడు. ఒక పెట్టె మాత్రం తీసుకుని చూడమన్నాను. తన .357 రివాల్వర్‌లో మూడో దఫా కాల్చాక సిలిండర్ (ఛాంబర్లు ఉన్న తిరిగే భాగం) తెరిస్తే ఎజెక్టర్ రాడ్ (షెల్లులను బయటికి నెట్టే కడ్డీ) కదలలేదు. బల్ల అంచుకు ఆనించి నెట్టబోతుంటే రేంజి అధికారి ఆపాడట. అతను ఆపకపోయి ఉంటే ఆ రాడ్ వంగేది. వంగిన రాడ్ సిలిండర్‌ను సరిగా మూసుకోనివ్వదు, తిరగనివ్వదు. చవకలో మిగిలిన డబ్బుకు పదింతలు మరమ్మతుకు పోసి ఉండేవాడు.

మొదటి పని: మీ లైసెన్సూ, రివాల్వర్ మీద ముద్రా చదవడం

ఉక్కా ఇత్తడా అన్న ప్రశ్నకన్నా ముందు తూటా ఆ రివాల్వర్‌ది అవునా కాదా అన్న ప్రశ్న ఉంది. మన దేశంలో దీనికి ప్రత్యేకమైన చిక్కు ఉంది. లైసెన్సు పుస్తకంలో ".32" అని రాసి ఉంటుంది; .32 రివాల్వర్ తూటా వేరు, .32 పిస్టల్ తూటా వేరు. రివాల్వర్‌ది 1896 నాటి .32 స్మిత్ అండ్ వెస్సన్ లాంగ్. దాని షెల్లు పొడవు 23 మిల్లీమీటర్ల పైన ఉంటుంది, అడుగున అంచు స్పష్టంగా బయటికి పొడుచుకుని ఉంటుంది. పిస్టల్‌ది .32 ఏసీపీ. అది పొట్టిది, దాని అంచు పైకి కనిపించీ కనిపించనట్లు ఉంటుంది, గరిష్ఠ ఒత్తిడి 20,500 పీఎస్‌ఐ. పిస్టల్ తూటా కొన్ని రివాల్వర్ ఛాంబర్లలోకి జారిపోతుంది కూడా. జారింది కదా అని కాల్చకూడదు. ఆ రివాల్వర్ తయారైనది తక్కువ ఒత్తిడికి. పాత విదేశీ రివాల్వర్ వారసత్వంగా వచ్చినవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. బ్యారెల్ (గుండు బయటికి పోయే గొట్టం) మీది ముద్ర అరిగిపోయి చదవడానికి రాకపోతే ఊహించి నింపవద్దు, లైసెన్సు ఉన్న తుపాకుల మరమ్మతుదారుకు చూపించండి.

రెండో పని: షెల్లు ఏ లోహమో తేల్చుకోవడం

రంగును నమ్మి నిర్ణయించకండి. వెండిలా మెరిసేదంతా ఉక్కు కాదు. నికెల్ పూత పూసిన ఇత్తడి షెల్లు కూడా అలాగే మెరుస్తుంది, అది మంచి రకమే. బూడిద రంగులో చాలా తేలికగా ఉంటే అల్యూమినియం కావచ్చు. ఆకుపచ్చ లేదా మట్టి రంగు లక్క పూత గానీ, మసక బూడిద రంగు పాలిమర్ పూత గానీ ఉంటే ఉక్కు అయ్యే అవకాశం ఎక్కువ. అయితే రాగి పూత పూసిన ఉక్కు కూడా ఉంది, దాన్ని చూసి ఇత్తడి అని భ్రమపడతారు.

ఒక అయస్కాంతం తెచ్చుకోండి. పాత స్పీకరులోది అయినా చాలు. రివాల్వర్‌ను దూరంగా పెట్టి, తూటాను మెత్తని గుడ్డ మీద పడుకోబెట్టి, షెల్లు నడుమ భాగానికి అయస్కాంతం తాకించండి. గట్టిగా పట్టుకుంటే ఉక్కు, పట్టుకోకపోతే ఇత్తడి లేదా అల్యూమినియం. గుండుకు తాకించి నిర్ణయానికి రావద్దు. చవక తూటాలలో గుండు పై తొడుగు కూడా రాగి పూసిన ఉక్కు అయి ఉండవచ్చు, షెల్లు ఇత్తడిదైనా గుండు అయస్కాంతానికి అంటుకోవచ్చు. ఆ గుండు సంగతి కూడా గుర్తుంచుకోండి. ఉక్కు షెల్లు ఛాంబర్‌ను అరగదీస్తుందన్న భయం చాలావరకు నిరాధారం, ఎందుకంటే షెల్లు ఉక్కు కన్నా సిలిండర్ ఉక్కు గట్టిది. ఎక్కువ సంఖ్యలో కాలిస్తే బ్యారెల్‌ను తొందరగా అరగదీసేది ఉక్కు తొడుగు ఉన్న గుండే.

లక్క పూత వేడికి కరిగి ఛాంబర్‌లో అంటుకుంటుందని కూడా విస్తారంగా చెప్పుకుంటారు. షెల్లు ఛాంబర్‌లో ఉండే కొద్ది సమయంలో పూత కరిగి కారిపోయేంత పని జరగదు. బిగుసుకోవడానికి ముఖ్య కారణాలు పైన చెప్పిన మసి, తక్కువ ముడుచుకునే గుణం. దోషం పూతదని నమ్మి ఛాంబర్ కడగకుండా తూటాల కంపెనీ మాత్రం మార్చేవారికి ఫలితం కనిపించదు.

మూడో పని: ఎక్కడి నుంచి వచ్చిందో అడగడం

మన దేశంలో పుణె దగ్గరి ఖడ్కీలోని ప్రభుత్వ తూటాల కర్మాగారం చేసే .32 రివాల్వర్ తూటాకు ఇత్తడి షెల్లే ఉంటుంది; 2021 అక్టోబరు నుంచి ఆ కర్మాగారం మ్యూనిషన్స్ ఇండియా లిమిటెడ్ కింద నడుస్తోంది. ఉక్కు షెల్లు చవక అనే మాట విదేశాల నుంచి వచ్చింది. రాగి కొరత వల్ల రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ, సోవియట్ యూనియన్ భారీగా ఉక్కు షెల్లులు చేశాయి. ఆ తరువాత రష్యా కర్మాగారాలు ఆ పద్ధతినే కొనసాగించి తక్కువ ధరకు అమెరికా బజారులో అమ్మాయి. 2021లో అమెరికా ప్రభుత్వం రష్యా తూటాల కొత్త దిగుమతి అనుమతులపై ఆంక్షలు పెట్టింది. ఆ చవక బజారుకూ చిత్తూరులో లైసెన్సుదారు కొనే పద్ధతికీ సంబంధం లేదు. ఇక్కడ మీరు లైసెన్సు ఉన్న డీలరు వద్దే, మీ పుస్తకంలో రాసిన సంఖ్యకు లోబడి, నమోదు చేయించుకుని కొనాలి. అందుచేత పుస్తకంలో రాయకుండా, రశీదు లేకుండా, తక్కువ ధరకు ఉక్కు షెల్లు తూటాలు ఇస్తానని ఎవరైనా అంటే అక్కడ మీరు అడగవలసింది షెల్లు నాణ్యత గురించి కాదు. అవి ఆయుధ చట్టం కింద నేరం తెచ్చే సరుకు, ముట్టవద్దు. ఖాళీ షెల్లులో మళ్లీ మందు కూరి ఇస్తామనేవారి సంగతీ అంతే. లైసెన్సు లేకుండా తూటా తయారు చేయడం నేరం, దానిలో మందు ఎంత పడిందో చేసినవాడికే తెలియదు.

విదేశాల నుంచి వచ్చే పిల్లలకు పెద్దలు తప్పక చెప్పవలసిన మాట ఒకటి ఉంది. రేంజికి తీసుకువెళ్లిన సంచినే సర్దుకుని ఇండియాకు బయలుదేరవద్దు. అడుగున ఒక్క తూటా మరిచిపోయినా చెన్నైలో గానీ రేణిగుంటలో గానీ విమానాశ్రయ తనిఖీలో బయటపడితే పోలీసు కేసు అవుతుంది. కొండకు వెళ్లేటప్పుడు అలిపిరి తనిఖీలోనూ అదే గతి. సంచి జేబులన్నీ తిరగేసి దులిపి, వీలైతే వేరే సంచి తెచ్చుకోమని చెప్పండి.

నాలుగో పని: ఛాంబర్‌ను సిద్ధం చేయడం

రివాల్వర్ ఖాళీగా ఉందని కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకున్నాక సిలిండర్ ముందు భాగం వద్ద తెల్ల కాగితం పెట్టి, వెలుతురులో ప్రతి ఛాంబర్‌ను వెనుక నుంచి చూడండి. గోడ అద్దంలా నున్నగా కనిపించాలి. మధ్యలో నల్లని వలయం ఉంటే అది మసి. పొట్టి రివాల్వర్ తూటా .32 స్మిత్ అండ్ వెస్సన్ (పైన చెప్పిన పిస్టల్ తూటా కాదు) 15 మిల్లీమీటర్ల పైచిలుకు షెల్లు ఉన్నది, .32 లాంగ్ రివాల్వర్‌లో కాల్చడానికి వీలవుతుంది. దాన్ని తరచుగా కాల్చినవారికి సరిగ్గా ఆ షెల్లు మూతి వద్ద వలయం కడుతుంది. తరువాత పొడవు తూటా వేసినప్పుడు షెల్లు ఆ వలయం మీద ఉబ్బి ఇరుక్కుంటుంది. ఇత్తడే ఇరుక్కునే చోట ఉక్కు సంగతి చెప్పనవసరం లేదు. సరైన కొలత కంచు బ్రష్‌కు సాల్వెంట్ (మసిని కరిగించే ద్రవం) పట్టించి ఒక్కొక్క ఛాంబర్‌లో పది పన్నెండు సార్లు తిప్పి, పొడి గుడ్డతో తుడవండి. తుడిచాక నూనె మిగలకూడదు. నూనె ఉంటే షెల్లు సులువుగా వస్తుందనుకుని పూసేవారు ఉన్నారు. నూనె పూసిన ఛాంబర్‌లో షెల్లు గోడను పట్టుకోలేక సిలిండర్ వెనుకనున్న పలకను ఎక్కువ బలంతో కొడుతుంది, పైగా ఆ నూనే మసిని పట్టి ఉంచుతుంది.

గోడ మీద సూదితో పొడిచినట్టు చిన్న గుంటలు కనిపిస్తే అది తుప్పు తిన్న గుర్తు. ఎన్నికల సమయంలో స్టేషనులోనో డీలరు వద్దో నెలల తరబడి డిపాజిట్ చేసి వెనక్కి తెచ్చుకున్న రివాల్వర్లలో ఇది నేను ఎక్కువగా చూశాను. గుంటలు పడిన ఛాంబర్‌లోకి షెల్లు లోహం ఉబ్బి దిగుతుంది. అటువంటి రివాల్వర్‌లో ఉక్కు షెల్లు ప్రయోగించనే వద్దు.

ఐదో పని: రేంజిలో కొద్దికొద్దిగా పరీక్షించడం

పరీక్ష అనుమతి ఉన్న రేంజిలోనే చేయాలి. మన మామిడితోటే కదా, చుట్టూ ఎవరూ లేరు కదా అని కాల్చవద్దు. నిర్లక్ష్యంగా గానీ, పెళ్లిళ్లలో సంబరానికి గానీ కాల్చి ఇతరుల ప్రాణానికి ముప్పు తెస్తే 2019 సవరణ ప్రకారం రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. చెవులకూ కళ్లకూ రక్షణ పెట్టుకుని, బ్యారెల్ గొట్టం లక్ష్యం వైపే ఉంచి ఈ క్రమం పాటించండి.

తూటాలు నింపి సిలిండర్ మూశాక, సుత్తి లేపకుండా, మీ రివాల్వర్ నిర్మాణం అనుమతించినంత మేర సిలిండర్ తేలికగా తిరుగుతోందో లేదో చూడండి. ఎక్కడైనా రాసుకుంటే ఆ తూటా అంచు మందమో, ప్రైమర్ పైకి ఉబ్బి ఉందో అయి ఉంటుంది. తీసి పక్కన పెట్టండి. మొదటి దఫా రెండే తూటాలు కాల్చి షెల్లులు తీయండి. సులువుగా వస్తే పూర్తి సిలిండర్ కాల్చండి. ఆ తరువాత ప్రతి దఫాకూ చేతికి ఎంత బలం పట్టిందో గమనించండి. మొదట వేలితో జారిన షెల్లులు నాలుగో దఫాకు అరచేతి దెబ్బ కోరుతుంటే, ఇక ఆపి ఛాంబర్ తుడిచే వేళయిందని అర్థం. ఇదే లెక్క ఇత్తడితో కూడా ఒకసారి వేసి పోల్చుకుంటే తేడా మీ చేతికే తెలుస్తుంది.

ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలకపోతే వెంటనే మళ్లీ నొక్కవద్దు. చవక తూటాలలో ప్రైమర్ గట్టిగా ఉండి, సుత్తి స్ప్రింగు బలహీనమైన పాత రివాల్వర్లలో ఇది జరుగుతుంటుంది. ఆలస్యంగా పేలే తూటా కూడా ఉంటుంది. మీరు మళ్లీ నొక్కితే సిలిండర్ తిరిగి ఆ తూటా బ్యారెల్‌కు ఎదురు లేని స్థితిలో పేలవచ్చు. గొట్టం లక్ష్యం వైపే ఉంచి కనీసం ముప్పై సెకన్లు ఆగి, ఆ తరువాత తెరవండి. శబ్దం మామూలుకన్నా నీరసంగా వస్తే గుండు గొట్టంలోనే నిలిచిపోయి ఉండవచ్చు. గొట్టం ఖాళీగా ఉందని చూడనిదే మరో తూటా కాల్చకూడదు.

షెల్లులు ఇరుక్కుంటే

సిలిండర్ పక్కకు తెరుచుకునే రివాల్వర్ అయితే గొట్టాన్ని పైకి ఎత్తి, ఎజెక్టర్ రాడ్‌ను అరచేత్తో ఒక్క ఊపున నేరుగా నెట్టండి. నెమ్మదిగా, వంకరగా నెట్టితే కాలని మందు రవ్వలు స్టార్ (రాడ్ చివర షెల్లుల అంచులను పట్టి నెట్టే నక్షత్రాకారపు పలక) కింద చేరతాయి, కొన్నిసార్లు షెల్లు అంచే స్టార్ కిందికి జారి కూర్చుంటుంది. రాకపోతే కాసేపు చల్లారనివ్వండి, మళ్లీ ఒకసారి ప్రయత్నించండి. సుత్తి, రాయి, బల్ల అంచు వీటి జోలికి పోవద్దు.

మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ (ప్రభుత్వ ఆయుధ కర్మాగారం) .32 రివాల్వర్లు చాలావరకు నడుమ విరిచి తెరిచే రకం. 2014లో వచ్చిన నిర్భీక్ రివాల్వర్ కూడా అంతే. వీటిలో బ్యారెల్‌ను కిందికి వంచుతుంటే స్టార్ తనంతట తాను లేచి షెల్లులను నెడుతుంది. ఇరుక్కున్నప్పుడు బ్యారెల్ సగంలో ఆగిపోతుంది. మోకాలికి ఆనించి బలవంతంగా వంచితే ఆ ఒత్తిడంతా కీలు మీద పడి అది వదులవుతుంది, ఆ వదులు మళ్లీ బిగవడం కష్టం. అన్ని తూటాలూ నిజంగా పేలాయని లెక్క సరిపోయినప్పుడు మాత్రమే, తెరిచినంత మేర ఉంచి, గొట్టం మూతి నుంచి ఇత్తడి లేదా చెక్క కడ్డీ పెట్టి ఎదురుగా ఉన్న ఒక్కొక్క షెల్లును నెమ్మదిగా వెనక్కి నెట్టవచ్చు. ప్రైమర్ మీద గుంట ఉంది కనుక అది పేలిందని అనుకోకూడదు; పేలని తూటా మీద కూడా గుంట ఉంటుంది. లెక్కలో ఒక్కటి తేడా వచ్చినా కడ్డీ ముట్టకండి, రేంజి అధికారికి అప్పగించండి.

దాచడం

ఈ విషయంలో మన వాతావరణం ఉక్కుకు అనుకూలం కాదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమలో, పూత గీసుకుపోయిన ఉక్కు షెల్లు మూతి వద్ద తుప్పు మొదలవుతుంది. తుప్పు మచ్చ గోరుకు గరుకుగా తగిలితే ఆ తూటాను కాల్చవద్దు. అయితే ఇత్తడికి ఏ చీడా లేదనుకోవడమూ పొరపాటే. బ్రిటిష్ కాలంలో మన దేశంలోనే, వానాకాలంలో గుర్రపుశాలల్లో దాచిన ఇత్తడి తూటాల షెల్లులు వాటంతట అవే పగిలిపోయేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియా దానికి కారణమని 1921లో తేల్చారు. పాడి ఆవులు లేని ఊరు మన జిల్లాలో అరుదు కాబట్టి పశువుల కొట్టానికి ఆనుకుని ఉన్న గదిలో తూటాల పెట్టె పెట్టవద్దని నేను ప్రత్యేకంగా చెబుతాను. తోలు బెల్టు గుంటల్లో తూటాలు ఉంచితే తోలులోని రసాయనాలకు ఇత్తడి మీద ఆకుపచ్చ చిలుము పడుతుంది. ఆ చిలుమును బిందె తోమినట్టు చింతపండుతో తోమకండి, పులుపు ఇత్తడిలోని జింకును తినేస్తుంది. పొడి గుడ్డతో తుడిచి, పోకపోతే ఆ తూటాను డీలరుకు చూపించండి. నూనె గుడ్డలో చుట్టడం కూడా వద్దు. నూనె ప్రైమర్ అంచుల నుంచి లోపలికి దిగుతుంది. గాలి చొరని డబ్బాలో తేమ పీల్చే సిలికా సంచి వేసి, రివాల్వర్‌కు వేరుగా, తాళం వేసిన చోట, వేసవిలో కారు లోపల కాకుండా ఇంట్లో చల్లని గదిలో ఉంచండి. ఏటా వానలు వెనుదిరిగాక ఒకసారి డబ్బా తెరిచి ఒక్కొక్క తూటాను వెలుతురులో తిప్పి చూసి, లైసెన్సు పుస్తకంలోని సంఖ్యతో లెక్క సరిచూసుకోండి.